సుబ్బి ఏటంటాది?

కన్యాశుల్కం పాఠం అయిపోయాక వెనక బెంచీ నుంచి బారువ పిల్ల ఒకతె లేచి అడిగింది: "సార్, అందరూ సుబ్బి పెళ్లి గురించే మాటాడతన్నారు. సుబ్బి ఏటంటాది?" క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెలుగులో డాక్టరేట్ చేసినవాణ్ని, ఈ ప్రశ్న ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఈ నాటకాన్ని మనం గిరీశం నాటకం చేసేశాం. నిజానికిది అక్కాచెల్లెళ్ల కథ. బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవ అయింది. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నాడు తండ్రి. నువ్వు నాతో వస్తే చెల్లి పెళ్లి ఆగుతుందని నమ్మించే బుచ్చమ్మను గిరీశం తీసుకుపోతాడు. ఈ నాటకంలో నిజమైన ప్రేమ ఏదైనా ఉంటే, అది అక్కకి చెల్లి మీదున్నదే. దాన్నీ ఎర చేశాడు మగవాడు. చెల్లి బదులు పెళ్లిపీటలెక్కింది ఆడవేషం కట్టిన మహేశం. చివర్లో బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపిందీ మగవాడే.

గురజాడని తక్కువ చెయ్యను. 1897 ముద్రణ పీఠికలో ఆయనిచ్చిన లెక్క చూడండి: విశాఖ జిల్లా బ్రాహ్మణ ఇళ్లల్లో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. కడుపు తరుక్కుపోతుంది. కానీ అది అగ్రహారం లెక్క. దాన్ని "తెలుగు స్త్రీ" కథని సిలబస్సుల్లో రాసిందెవరు? మా పేటల్లో మారుమనువు ఉండేది. మొగుడు పోయినదానికి మళ్లీ పెళ్లి చెయ్యడానికి మాకు సంస్కర్త రానక్కర్లేకపోయింది. అలాగని మా ఆడవాళ్లు సుఖపడ్డారని కాదు. కూలి, ఆకలి, అంటరానితనం వాళ్ల బతుకు. దానికి మాత్రం స్టేజీ దొరకలేదు. పాలేరు అసిరిగాడు స్టేజీ మీదికొస్తాడు. వాడి అక్కచెల్లెళ్లు రారు.

వాళ్లు ఇప్పుడు నా క్లాసులో కూర్చున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో తండ్రి మంచం పట్టిన ఇళ్లున్నాయి. అక్క చదువు మానేసి పలాసలో జీడిపిక్కలు ఒలుస్తుంది, చెల్లి కాలేజీకొస్తుంది. ఈ అక్కాచెల్లెళ్లకీ ప్రేమలుంటాయి, సరసాలుంటాయి, నవ్వులుంటాయి. మన నాటక పోటీల్లో మాత్రం వీళ్లు ఏడవడానికే వస్తారు, అదీ వస్తే.

"సుబ్బి మాట నువ్వే రాయమ్మా" అన్నాను ఆ పిల్లతో. రాస్తానంది. కానీ సుబ్బి గురించి కాదంట, వాళ్లక్క గురించంట.

జై భీమ్.