మూత తీయని పరామర్శ

తేనెటీగలు చలికాలమంతా నిద్రపోతాయని చాలామంది అనుకుంటారు. థామస్ సీలీ 2019లో వెలువరించిన ‘ది లైవ్స్ ఆఫ్ బీస్’ చదివితే ఆ భ్రమ తొలగిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా సమీపాన ఉన్న ఆర్నాట్ అడవిలో, చెట్టు తొర్రల్లో కాపురముండే తేనెటీగలను ఆయన దశాబ్దాల తరబడి గమనించారు.

మంచు కురిసే వేళ ఈగలన్నీ రాణితో కలిసి బంతిలా ముడుచుకుంటాయి. రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికిస్తూ, నిలవ తేనెను వేడిగా మారుస్తాయి. బంతి అంచున దాదాపు 10 డిగ్రీలకు తగ్గనివ్వవు. చలికాలం చివర పిల్లల పెంపకం మొదలయ్యాక నడిమధ్యన 35 డిగ్రీలు: ఆరోగ్యవంతుడైన మనిషి ఒంటివేడికి రెండు డిగ్రీలే తక్కువ!

మా పెరట్లో రెండు పెట్టెలున్నాయి. మొదటి ఏడాది జనవరిలో మనసు ఆగక ఒకదాని మూత తీశాను. బంతి చెదిరింది. వారం తిరగకుండా ఆ పెట్టె మూగబోయింది. నా చేతులే కారణమని నిరూపించలేను. కాదని నమ్మనూ లేను. ఇప్పుడు చెక్కకు స్టెతస్కోపు ఆనించి వింటాను. ఎడతెగని సన్నని రొద వినిపిస్తే చాలు. ఎండ కాసిన రోజున మంచు మీద పసుపు మరకలు కనిపిస్తే సంతోషిస్తాను. వారాల తరబడి బిగబట్టుకున్న మలాన్ని విడవడానికి అవి బయటికి వచ్చాయన్నమాట. ద్వారం ముందు కొన్ని శవాలు పడి ఉన్నా కంగారు పడను. వాటిని ఈడ్చి పారేసే ఓపిక గలవి లోపల మిగిలే ఉన్నాయి.

సీలీతో నా పేచీ ఒక్కచోటే. వరోవా నల్లికి మందు వేయవద్దనీ, తట్టుకోగల సంతతినే ప్రకృతి మిగల్చనీయమనీ అంటారాయన. నల్లులు పెచ్చుమీరిన పట్టును ముందే చంపేయాలని కూడా హెచ్చరిస్తారు. అడవి ఈగల విషయంలో ఆయన సాక్ష్యం బలమైనదే. కానీ అక్కడ పట్టుకూ పట్టుకూ నడుమ దాదాపు కిలోమీటరు దూరం. మా వీధిలో పక్కింటి పెట్టెలు కంచెకు అవతలే. నా పట్టు చితికితే ఆ ఈగలు తేనె దోచుకోవడానికి వచ్చి, నల్లులనూ మోసుకుపోతాయి. పైగా వేసవి చివర నల్లి పట్టి పీల్చిన పిల్లలే చలికాలాన్ని ఈదాలి. ఆగస్టులో మందు పెట్టకుండా, జనవరిలో చెవి ఆనించి వినడం నా వల్ల కాదు.

నిన్న ఉదయం సున్నాకు 12 డిగ్రీలు దిగువ. ఎడమ పెట్టెలో రొద స్పష్టంగా ఉంది. కుడిదాన్ని రెండుసార్లు విన్నాను. గాలి చప్పుడో, ఈగలో తేలలేదు. మూత తీయలేదు.