ప్రాంప్ట్ సరే.. మాట ఎవరిది?

'ప్రాంప్ట్ ఇవ్వడం వస్తే చాలు, కథ అదే రాస్తది' అని క్యాంపస్‌లో సీనియర్లు చెబుతున్నారు. కంటెంట్ రైటర్, స్క్రిప్ట్ రైటర్ ఉద్యోగాల కోసం నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కేవాళ్లకు ఈ మాట సగమే పనికొస్తుంది.

కావాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. 'పాలమూరు కూలీ ముంబై బస్సెక్కే సీన్ రాయి' అని ఏదైనా చాట్‌బాట్‌ను అడగండి. నేను అడిగితే సాయంత్రపు ఎండ, తల్లి కన్నీళ్లు వచ్చాయి. కొడుకేమో 'నాన్నా, నేను వెళ్లొస్తాను' అన్నాడు. మన దగ్గర 'నాయినా, పోయొస్త' అంటరు కదా! అడ్వాన్స్ ఇచ్చిన గుంపు మేస్త్రీ లేడు. ఆ బాకీ తీరేదాకా తిరిగి రాలేని సంగతీ లేదు. అంటే అసలు కథే లేదన్నమాట.

దానికి మనమీద కోపమేం లేదు. కంప్యూటర్‌లోకి ఎక్కిన తెలుగును చదివే అది నేర్చుకుంటది. అందులో మన యాస తక్కువ, అంతే. వెనకటికి తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోల్కొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. ఊరూరా ఉన్న కవిత్వాన్ని సేకరించి అచ్చేశారు. ఈమధ్య 'స్వేచ్ఛ' సంస్థ 'చందమామ కథలు' పేరుతో తెలుగు ఏఐ మోడల్ చేసినప్పుడు కూడా ఇంజినీరింగ్ విద్యార్థులే వేల పేజీల కథలను డిజిటల్ చేశారు. (రెజ్యూమెలో ఇలాంటి పని ఒక్క లైన్ ఉన్నా బరువే వేరు.)

అట్లని ఏఐ వాడొద్దా? నేనైతే రోజూ వాడుతా. పది టైటిళ్లు అడుగుతా, కథలో లాజిక్ ఎక్కడ తెగిందో చూడమంటా, ఇంగ్లిష్ సినాప్సిస్ రాయిస్తా. మొదటి డ్రాఫ్ట్ మాత్రం నాదే. అమ్మమ్మతో, ఊర్లో మేస్త్రీతో మాట్లాడి, వాళ్లను అడిగి ఫోన్లో రికార్డు చేసుకున్న మాటలే నాకు సరుకు.

2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, ఏఐ వాడాల్సిందేనని కంపెనీలు తమను బలవంతపెట్టకుండా ఒప్పందం రాయించుకున్నారు. ఫ్రెషర్‌కు అంత బలం ఎక్కడిది? ఇంటర్వ్యూలో 'ఈ డైలాగ్ ఎందుకిలా రాశావ్, ఇక్కడే మార్చి చూపించు' అంటే నోరు పెగలాలి. పోర్ట్‌ఫోలియోలో మూడు కథలు చాలు. ఒక్కటైనా మీ ఊరి బస్టాండ్‌లో పుట్టినదై ఉండాలి. ఏఐని ఎక్కడ వాడారో కిందనే రాసేయండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.