బెల్ట్ ఫ్యాన్ చేసిన తప్పేంటి?

పాత అంబాసిడర్ హీటెక్కుతోందని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: ‘బెల్ట్ ఫ్యాన్ పీకించేసి కరెంటు ఫ్యాన్ పెట్టించండి.’ పెట్రోలు ఆదా అవుతుందంటారు, ఇంజిన్‌కు బలం పెరుగుతుందంటారు, ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా టెంపరేచర్ ముల్లు లేవదంటారు. పాత కార్ల అభిమానుల్లో ఇప్పుడిది దాదాపు వేదవాక్కు. కరెంటు కోసం డైనమో మీద ఆధారపడే కారు విషయంలో మాత్రం ఇది తప్పుడు సలహా. అసలు జబ్బును వదిలేసి, బండికి కొత్త జబ్బు తెచ్చిపెట్టే సలహా.

1950ల చివర్లో ఉత్తరపారా కర్మాగారం నుంచి రావడం మొదలైన అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దశాబ్దాల పాటు దాన్ని నడిపిన 1489 సీసీ బీఎంసీ ఇంజిన్‌లో ఫ్యాన్‌ను వాటర్ పంపు ముందే బిగించారు. ఒక్క బెల్టే పంపునూ ఫ్యాన్‌నూ డైనమోనూ తిప్పుతుంది. రెంటచింతల, కొత్తగూడెం, రామగుండం ఎండల్లో టాక్సీలుగా, సర్కారు బండ్లుగా తిరిగిన అంబాసిడర్లకు ఉన్నది ఈ ఫ్యానే. అప్పుడు సరిపోయిన ఫ్యాన్ ఇప్పుడెందుకు చాలడం లేదు?

ఫ్యాన్ మారలేదు, రేడియేటర్ మారింది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే దాని సన్నని గొట్టాల్లో సున్నం గడ్డకడుతుంది. బండి వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, రేడియేటర్ ముందు భాగాన్ని జాగ్రత్తగా చేత్తో తడిమితే అక్కడక్కడా చల్లగా తగులుతుంది. ఆ మేర నీళ్లు పారడం లేదన్నమాట. అలాంటి రేడియేటర్ ముందు ఏ ఫ్యాన్ తిరిగినా ఫలితం ఒకటే. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా, బెల్ట్ వదులైనా ఇంజిన్ వేడెక్కుతుంది. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోతే నీళ్లు త్వరగా మరుగుతాయి. 7 పౌండ్ల మూత ఒత్తిడిని సరిగా నిలిపితే నీళ్లు 110 డిగ్రీలు దాటితే గానీ మరగవు. రబ్బరు పోయిన మూతతో 100కే మరుగుతాయి.

ఇక కరెంటు లెక్క. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. రాత్రిపూట రెండు హెడ్‌లైట్లకు ఏడెనిమిది, కాయిల్‌కు మూడు నాలుగు, వెనక దీపాలకూ మీటర్ దీపాలకూ కలిపి మరో రెండు పోతాయి. వీటికి పది ఆంపియర్లు లాగే ఫ్యాన్‌ను కలిపితే ఆదాయం కన్నా ఖర్చే ఎక్కువవుతుంది. అసలు ప్రమాదం సిగ్నల్ దగ్గర పొంచి ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు డైనమో నుంచి వచ్చే కరెంటు దాదాపు సున్నా. కారు కదలనప్పుడే ఫ్యాన్ అవసరం ఎక్కువ, డైనమో చేతులెత్తేసేదీ అప్పుడే. భారమంతా బ్యాటరీ మోస్తుంది. వరసగా నాలుగు సిగ్నళ్లు పడి, ఆపైన బండి ఆగిపోతే, సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ తిరగకపోవచ్చు.

ఇంజిన్ బలం పెరుగుతుందన్న వాదనలో కొంత నిజముంది. ఫ్యాన్ తిప్పడానికి శక్తి కావాలి, వేగం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కానీ ఇదే సూత్రం అటు నుంచీ పనిచేస్తుంది: వేగం సగమైతే ఖర్చు ఎనిమిదో వంతే. ఆదివారం పొద్దున యాభై కిలోమీటర్ల వేగంతో సాగే కారులో మిగిలే శక్తి స్వల్పం.

భద్రత సంగతి ఇంకా ముఖ్యం. బెల్ట్ తెగితే డైనమో ఆగి, పరుగులో ఉండగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతుంది. డ్రైవర్ బండి పక్కకు తీస్తాడు. కరెంటు ఫ్యాన్ ఫ్యూజు పోతే ఏ దీపమూ వెలగదు, ముల్లు ఎర్రగీత దాటేదాకా తెలియదు. పైగా చాలాచోట్ల ఈ ఫ్యాన్‌ను రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ప్లాస్టిక్ పుల్లలు గుచ్చి బిగిస్తారు. బండి అదురుకు ఆ పుల్లలు గొట్టాలను ఒరుసుకుని చివరికి చిల్లు పెడతాయి.

కరెంటు ఫ్యాన్ ఎక్కడా పనికిరాదని కాదు. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, రేడియేటర్‌కు ఎదురుగా బెల్ట్ ఫ్యాన్ పెట్టే వీల్లేదు, కాబట్టి అక్కడ కరెంటు ఫ్యానే సబబు. పాత కారుకైనా ఆల్టర్నేటర్ వేయించి, రిలే, ఫ్యూజు, తగినంత లావు వైరు పెట్టించి, ఫ్యాన్‌ను ఫ్రేముకు బిగిస్తే అభ్యంతరం లేదు. అయితే అదంతా రేడియేటర్ విప్పి కడిగించాక చేయాల్సిన పని.

అంతకన్నా ముందు ఒక పరీక్ష ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా రేడియేటర్ ముందు వైపు ఒక నోటుపుస్తకం కాగితం ఆనించి చెయ్యి తీసేయాలి. కాగితం కింద పడితే బెల్ట్ బిగువు, ఫ్యాన్ రెక్కలు చూసుకోవాలి. అతుక్కుని నిలిచిందంటే గాలి లాగే పని సక్రమంగానే సాగుతోంది, మెకానిక్ విప్పాల్సింది రేడియేటర్‌ను.