వంటింటి చదువు మన పిల్లల్ని ఏ మెట్టు దాకా తీసుకెళ్తుంది?

కోల్‌కతాలో ఇల్లు నడిపే విద్యకు రెండు దారులున్నాయి. మొదటిది కాలేజీ దారి. అలీపూర్‌లో కలకత్తా విశ్వవిద్యాలయం వారి హోమ్ సైన్స్ విభాగం ఉంది. 1962లో మొదలైన జె.డి. బిర్లా ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1932 నాటి ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లో డైటెటిక్స్ డిప్లొమా ఉంది. ఇలాంటి చోట్ల చదివినవాళ్ళు ఆసుపత్రిలో డైటీషియన్లు, కాలేజీలో లెక్చరర్లు, ప్రభుత్వంలో అధికారులు అవుతారు. రెండోది రైలు దారి. ఇంకా చీకటి ఉండగానే క్యానింగ్, లక్ష్మీకాంతపూర్ వైపు నుంచి వచ్చే లోకల్ రైళ్ళలో ఆడవాళ్ళు కిక్కిరిసి వచ్చి జాదవ్‌పూర్, ఢాకురియా, బాలీగంజ్ స్టేషన్లలో దిగుతారు. నగరంలోని అపార్ట్‌మెంట్లలో వండేది వీళ్ళు, పసిపిల్లలకు తినిపించేది వీళ్ళు, మంచాన పడ్డ ముసలివాళ్ళకు పక్క మార్చేది వీళ్ళు. ఆ బండికి ఇక్కడి భద్రలోకం పెట్టిన ముద్దుపేరు 'ఝీ లోకల్'. బెంగాలీలో ఝీ అంటే కూతురు. అదే మాటకు పనిమనిషి అన్న అర్థం కూడా ఉంది.

ఆహారం, బట్ట, శిశు సంరక్షణ, రోగి సేవ, ఇంటి ఖర్చు. హోమ్ సైన్స్ సిలబస్‌లోని అధ్యాయాలన్నీ ఆ బోగీల్లో ఉన్నాయి, డిప్లొమా ఒక్కటే లేదు. ఆ రైళ్ళు బయల్దేరే దక్షిణ 24 పరగణాల జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు 30 శాతం. రాష్ట్రం మొత్తం మీద 23.5 శాతం. పౌండ్ర, నమశూద్ర కుటుంబాలు ఎక్కువగా ఉన్న సుందర్బన్ పల్లెలను 2009లో ఐలా తుపాను, 2020లో ఆంఫన్ ముంచాక నగరానికి పనికోసం వచ్చే ప్రయాణం ఇంకా పెరిగింది.

ఈ రెండు దారులూ ఎక్కడ చీలిపోతాయి? హైస్కూల్లో, ఇంటర్లో. అందుకే వృత్తి విద్య గురించి ఇప్పుడు జరుగుతున్న హడావిడిని మనం కొంచెం జాగ్రత్తగా చూడాలి. 2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని లక్ష్యం పెట్టింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా ఊళ్ళోని వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో పని చూసి రావాలని చెప్పింది. బ్రాహ్మణ పిల్లవాడు పది రోజులు కుమ్మరి చక్రం ముందు కూర్చుంటే నాకు సంతోషమే. కుమ్మరి పిల్లవాడు ఆ పది రోజులు ఎవరి దగ్గర కూర్చుంటాడో విధానం చెప్పదు. కలెక్టరాఫీసులోనా, న్యాయవాది దగ్గరా, ఇంటి వెనక వాళ్ళ నాన్న దగ్గరేనా?

ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 1953 జూన్‌లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం గుర్తుందా? పల్లెల్లో బడి పూటకు మూడు గంటలే. మిగతా పూట మగపిల్లలు తండ్రి వృత్తి నేర్చుకోవాలి, ఆడపిల్లలు తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకోవాలి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నాయి, అక్టోబరు 1న గానీ వేరుపడలేదు. పెరియార్, ద్రావిడ ఉద్యమం దాన్ని కుల విద్య అని పేరుపెట్టి వీధుల్లోకి వచ్చాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. డెబ్బై ఏళ్ళ తర్వాత 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 చేతివృత్తులు, గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి. తమిళనాడు ప్రభుత్వం ఈ రూపంలో మాకొద్దని 2024లో చెప్పింది. మన తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఆ ప్రశ్న కూడా తట్టలేదు.

ఇంటిపని చదువు విషయంలో ఇదే కథ ఆడపిల్లల చుట్టూ నడిచింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ సెకండరీ విద్యను ఏడు శాఖలు చేసి, అందులో హోమ్ సైన్స్‌ను ఒక శాఖగా పెట్టింది. ఆడపిల్లల బడులన్నిటిలో దానికి ఏర్పాట్లు చేయాలంది. పదేళ్ళు తిరక్కముందే, 1960ల మొదట్లో, హంసా మెహతా అధ్యక్షతన కూర్చున్న కమిటీ మగపిల్లలకూ ఆడపిల్లలకూ పాఠ్యప్రణాళిక వేరుగా ఉండనక్కర్లేదని, మిడిల్ స్కూలు దాకా గృహవిజ్ఞానం ఇద్దరికీ ఉమ్మడి పాఠం కావాలని సూచించింది. ఆ సూచన ఫైల్లోనే ఉండిపోయింది. తర్వాత ఎన్సీఈఆర్టీ సబ్జెక్టు పేరు మార్చి 'హ్యూమన్ ఎకాలజీ అండ్ ఫ్యామిలీ సైన్సెస్' అంది. ఇది ఆడపిల్లల సబ్జెక్టు కాదని పుస్తకంలోనే చెప్పుకుంది. అమెరికాలో హోమ్ ఎకనామిక్స్ సంఘం 1994లో ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ సంఘంగా మారింది. బెంగాల్ హయ్యర్ సెకండరీ కౌన్సిల్లో న్యూట్రిషన్ ఉంది, హోమ్ మేనేజ్‌మెంట్ అండ్ ఫ్యామిలీ రిసోర్స్ మేనేజ్‌మెంట్ ఉంది. పేర్లు బాగున్నాయి. క్లాసులో ఎవరు కూర్చున్నారు, చదువయ్యాక ఎవరు ఎక్కడ తేలారు అన్నదే తేలాలి.

బడుల్లో నడుస్తున్న వృత్తి కోర్సుల్లో పిల్లలను తయారుచేసే ఉద్యోగాల పేర్లు ఒకసారి చదవండి. రిటైల్‌లో స్టోర్ ఆపరేషన్స్ అసిస్టెంట్. బ్యూటీ అండ్ వెల్‌నెస్‌లో అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్. హెల్త్‌కేర్‌లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్. అసిస్టెంట్, అసిస్టెంట్, అసిస్టెంట్. పదిహేనేళ్ళ పిల్ల చదువు మొదలుపెట్టకముందే ఎవరికో సహాయకురాలు అయిపోయింది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటే కోల్‌కతా భాషలో ఆయా. ఈ నగరంలో వీధి వీధికీ ఆయా సెంటర్లు ఉన్నాయి. పన్నెండు గంటల డ్యూటీకి మనిషిని పంపి, కూలిలోంచి తమ వాటా కోసుకుంటాయి. ఇంటిపనికి కూడా కేంద్రం ఒక స్కిల్ కౌన్సిల్ పెట్టింది. మొదట డొమెస్టిక్ వర్కర్స్ అన్న పేరుంటే, తర్వాత దాన్ని హోమ్ మేనేజ్‌మెంట్ అండ్ కేర్‌గివర్స్ అని మార్చారు. ఇంటిపని కార్మికుల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికకు భారత్ ఓటేసింది, ఆమోద ముద్ర మాత్రం ఇప్పటికీ వేయలేదు. నైపుణ్యానికి కౌన్సిల్ వచ్చింది గానీ హక్కుకు చట్టం రాలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం సంగతి పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

పాఠ్యపుస్తకంలో లేని చదువును ఇక్కడి ఆడవాళ్ళే మొదలుపెట్టారు. పశ్చిమ బంగ గృహ పరిచారికా సమితి 2018లో ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ అయింది. సెలవు, కనీస కూలి, మరుగుదొడ్డి వాడుకునే హక్కు. చివరిది మళ్ళీ చదవండి. రోజంతా ఒక ఇంటిని శుభ్రం చేసే మనిషి ఆ ఇంటి మరుగుదొడ్డి వాడటానికి వీల్లేదు. పరిశుభ్రత అధ్యాయంలో క్రిముల గురించి నాలుగు పేజీలుంటాయి. ఈ అంటు గురించి ఒక్క లైను ఉండదు.

వంటగదిని కులం లేని ప్రయోగశాలగా చూపించడమే ఈ సబ్జెక్టులో పెద్ద అబద్ధం. మధ్యాహ్న భోజన వంటవాళ్ళ నియామకాల్లో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలోని ఒక ప్రభుత్వ బడిలో దళిత మహిళ వండిందని సవర్ణ పిల్లలు అన్నం మానేశారు, ఆమె ఉద్యోగం తీసేశారు, గొడవయ్యాక తిరిగి ఇచ్చారు. ఆ పిల్లలకు ప్రోటీన్ అంటే ఏమిటో తెలుసు. కేలరీలు లెక్క కట్టడం వచ్చు. ఇక ఆ వంటకు ప్రభుత్వం కట్టిన విలువ చూడండి. కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ భృతి నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. పైన రాష్ట్రాలు ఎంతో కొంత కలుపుతాయి. జీతం అనరు, గౌరవ భృతి అంటారు. అంగన్‌వాడీ టీచర్లకూ అదే మాట. వాళ్ళకు గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పించుకోవడానికి 2022 దాకా కోర్టుల్లో కొట్లాడాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు నిచ్చెన సంగతి. తెలంగాణలో అంగన్‌వాడీల పైన సూపర్‌వైజర్, ఆ పైన సీడీపీవో పోస్టులకు అర్హతల్లో హోమ్ సైన్స్ డిగ్రీ ఒకటి. అంటే ఇదే వంట, ఇదే శిశు సంరక్షణ, డిగ్రీ దాకా చదివితే గెజిటెడ్ కుర్చీ. ఆ డిగ్రీకి, హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్న కాలేజీలాంటి చోట సీటుకు, ఇంటర్‌లో సైన్స్ ఉండాలి. ఇంటర్ వొకేషనల్‌లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగో, గార్మెంట్ కోర్సో తీసుకున్న అమ్మాయి అటు వెళ్ళాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు అదనంగా రాయాలి. రెండేళ్ళు ఒక చదువు చదువుతూ, పక్కన ఇంకో చదువు. వంతెన ఉంది నిజమే, దాన్ని ఎక్కించే లెక్చరర్ ఉన్నాడా, క్లాసు జరుగుతుందా అని ఎవరూ అడగరు.

నా పదో తరగతి ఫలితాలు వచ్చిన వేసవిలో మా ఎస్సీ హాస్టల్ అమ్మాయిలం కొందరం అడ్మిషన్ కోసం ఒక కాలేజీకి వెళ్ళాం. మార్కులు చూడకుండానే, ఏ హాస్టల్ అని అడిగి, 'మీకు వొకేషనల్ అయితే తొందరగా పని దొరుకుతుందమ్మా' అన్నారు కౌన్సెలింగ్ బల్ల దగ్గర. మా వెనక వరసలో మాకంటే తక్కువ మార్కులున్న అమ్మాయికి బైపీసీ ఫారం ఇచ్చారు. ఆ మాట అన్నాయన చెడ్డవాడేం కాదు. మా మంచి కోరే అన్నాడు. ఈ దేశంలో మా మంచి కోరేవాళ్ళు ఎప్పుడూ తొందరగా పని దొరికే దారే చూపిస్తారు.

అలాగని చేతిపని చదువే వద్దనడం మన సంప్రదాయం కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే కోరిన పాఠాల్లో లెక్కలూ చరిత్రతో పాటు వ్యవసాయం, పారిశుద్ధ్యం కూడా ఉన్నాయి. ఆయన అడిగింది అక్షరానికి బదులుగా కాదు, అక్షరంతో పాటు. బాబాసాహెబ్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో చేసిన వాదన కూడా పనికి వ్యతిరేకం కాదు. కులం పనులను పంచి ఊరుకోదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా పేర్చి ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కదలనివ్వదు అన్నది దాని సారం. సముద్రం అవతల నల్లవాళ్ళ మధ్య ఇదే తగువు నడిచింది. బుకర్ టి. వాషింగ్టన్ టస్కీగీలో చేతిపని, గృహవిద్య నేర్పించి ముందు కడుపు నింపుకుందాం అన్నాడు. డుబాయిస్ 1903లో దానికి ఎదురుతిరిగి, ఉన్నత విద్య వదులుకుంటే హక్కులూ వదులుకున్నట్టే అని వాదించాడు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఆ డుబాయిస్‌కే. అదే ఏడు ఆయన రాజ్యాంగ సభకు ఎన్నికైంది, జోగేంద్రనాథ్ మండల్ వంటివాళ్ళ బలంతో, ఈ బెంగాల్ నుంచే. ఆ నమశూద్ర ఓట్ల వారసుల ఇళ్ళ నుంచే ఇప్పుడు క్యానింగ్ లోకల్ నిండుతోంది.

బెంగాల్ ప్రభుత్వం 2013లో తెచ్చిన కన్యాశ్రీ పథకం 18 ఏళ్ళు నిండి, పెళ్ళి కాకుండా చదువుకుంటున్న అమ్మాయికి 25,000 రూపాయలు ఇస్తుంది. అమ్మాయిని బడిలో ఉంచడానికి అది పనికొచ్చింది. ఏ సబ్జెక్టులో ఉంచుతున్నాం అన్నది దాని తర్వాతి ప్రశ్న.

కాబట్టి మనం అడగాల్సినవి గట్టిగా అడుగుదాం. ఇంటి విద్య ఎనిమిదో తరగతి దాకా అబ్బాయిలకు, అమ్మాయిలకు, కార్పొరేట్ బడి పిల్లలకు, అందరికీ తప్పనిసరి చేయండి. తన కంచం తాను కడగడం రాని కుర్రవాడికి ఐఐటీ ఫౌండేషన్ కంటే ముందు అది నేర్పండి. తొమ్మిది, పది తరగతుల్లో మన పిల్లలకు ఏ ట్రేడ్ ఇచ్చినా సైన్సూ లెక్కలూ తగ్గించొద్దు. ఇంటర్ వొకేషనల్ వేరే గదిగా ఉండకూడదు, బ్రిడ్జి పేపర్లు మామూలు టైంటేబుల్లోకి రావాలి, వాటికి లెక్చరర్ పోస్టు మంజూరు కావాలి. గృహ నిర్వహణ పుస్తకంలో కనీస వేతనం మీద ఒక పాఠం ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంటిపనిని కనీస వేతనాల పట్టికలో చేర్చింది 2007లోనే, ఆ సంగతి ఇంటి బడ్జెట్ అధ్యాయం చదివే పిల్లకు తెలియాలి కదా. ఏళ్ళ తరబడి బడిలో వండిన తల్లికి ఆ అనుభవాన్ని క్రెడిట్లుగా లెక్కగట్టి కేటరింగ్ డిప్లొమాకు దారి ఇవ్వాలి. కోల్‌కతాలో ఒక బధిర విద్యార్థుల బడి హాస్టల్లో ఏళ్ళ తరబడి గరిటె తిప్పిన మనోరంజన్ బ్యాపారిని ఈ నగరం రచయితగా గుర్తించింది. ఆయన వంటను గుర్తించే పద్ధతి మాత్రం ఇంతవరకు ఏ విద్యాశాఖ దగ్గరా లేదు.

వీటన్నిటికంటే ముందు ఒక లెక్క కావాలి. బెంగాల్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఏ కులం పిల్లలు ఏ ట్రేడ్‌లో చేరారు, వాళ్ళలో ఎందరు డిగ్రీకి వెళ్ళారు, ఎందరు ఏ జీతానికి చేరారు, ఎందరు ఇంటికి తిరిగొచ్చారు. కులాలవారీగా, మగ, ఆడ విడివిడిగా, కాలేజీల పేర్లతో సహా, వచ్చే జూన్ అడ్మిషన్లకు ముందే మూడు రాష్ట్రాల విద్యాశాఖలూ దాన్ని బయటపెట్టాలి.