ఇంగ్లీషు పాఠం – ఇంటి మగ్గం

పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున మన పేటల్లో తరచు వినబడే మాట ఒకటున్నది: "అన్నింటిలో గట్టెక్కాడు, ఇంగ్లీషే ముంచింది." ముంచినది ఇంగ్లీషా, దానిని చెప్పే పద్ధతా అని ఈ నెల కాస్త విచారిద్దాము.

మేము పనిచేసే ఆఫీసుకు కుర్రవాళ్ళ దరఖాస్తులు వస్తూ ఉంటాయి. దస్తూరి ముత్యాలకోవ. వాక్యాల్లో తప్పు లేదు. కాని పదింటిలోనూ అవే వాక్యాలు! "మీ నాన్నగారు చేసే పని గూర్చి నాలుగు మాటలు ఇంగ్లీషులో వ్రాయి నాయనా" అంటే కలం కదలదు. మహారాష్ట్రలో 2000 నుండి ఒకటవ తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతున్నది. పదేండ్ల చదువుకు ఇదా ఫలం? మాస్టరుగారు పాఠం చదివి మరాఠీలో అర్థం చెబుతారు. పిల్లలు గైడులోని జవాబు వల్లె వేస్తారు. ఇక సొంత మాట నోట పలికేదెప్పుడు?

మన పిల్లలకు ఇంకొక చిక్కు కూడ ఉన్నది. తెలుగులో "పెట్టెలో" అంటాము, మరాఠీలో "పేటీత్" అంటారు. రెండింటిలోనూ "లో" అన్నది మాట చివరనే. ఇంగ్లీషులో అది ముందుకు వస్తుంది: "ఇన్ ద బాక్స్". క్రియ కూడ అంతే. మనకు వాక్యం చివర, వారికి నడుమ. మూడు భాషల వాక్యాలూ బల్లమీద ఒకదాని క్రింద ఒకటి వ్రాసి చూపితే పిల్లవానికి తేడా కంటికే తెలుస్తుంది.

మాటలకు వెదుకులాట దేనికి? బీము, షటిల్, డాబీ, జాకార్డు మన పిల్లలకు బడికి పోకముందే వచ్చు. "ద బీమ్ ఈజ్ బిహైండ్ ద లూమ్" అని అక్కడి నుండే మొదలుపెట్టవచ్చు.

ఇది మేము కనిపెట్టిన సంగతి కాదు. 1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల కొన్ని బడులలో వ్యాకరణ సూత్రాలు వల్లింపజేయక, రైలు టైంటేబులు, ఊరి పటం వంటివి ఇచ్చి ప్రశ్నలు తేల్చమనే పద్ధతిని నడిపించారు. బుద్ధి అర్థం మీద నిలిస్తే భాష వెంట వస్తుందని వారి అభిప్రాయం. మన బడిలో చాదరు బిల్లు ఇచ్చి "ఎన్ని? ఏ ఊరికి? మొత్తమెంత?" అని ఇంగ్లీషులో అడిగితే చాలదా?

తల్లిదండ్రులకు ఒక మనవి. మనకు ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. రాత్రి పది నిమిషాలు పిల్లవానిచేత పాఠం పైకి చదివించి, "అందులో ఏమున్నదో తెలుగులో చెప్పు" అనండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్లే. తడబడితే వట్టి కంఠతా అని మీకే తెలిసిపోతుంది. మరునాడు మాస్టరుగారిని అడగవలసినదేమో కూడ అప్పుడే తెలుస్తుంది.