వంశవృక్షం ఫారంలో అమ్మకు గడి లేదు



పోయిన వారం కమిటీవారు గ్రూపులో పెట్టిన ఫారం మీరందరూ చూసే ఉంటారు. ధర్మపురి తెలుగు కుటుంబాల వంశావళి పుస్తకం వేస్తారట. ఇంటికి ఒక పేజీ. పేజీకి రెండు వేలు, రంగుల ఫోటో అయితే మూడు వేలు. ఇంటిపేరు, గోత్రం, కుటుంబ పెద్ద, తండ్రి, తాత, ముత్తాత, కొడుకులు, వాళ్ల ఉద్యోగాలు, ఫారిన్‌లో ఉంటే ఏ దేశం అని గళ్లు గీశారు. మేము రెండుసార్లు చదివాం. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి కూడా చదివాం. అమ్మ పేరు రాయడానికి గడి లేదు. కూతుళ్లకూ లేదు.

దానితోపాటు ముందుమాట అని రెండు పేజీలు పెట్టారు. అందులో మనమందరం విజయనగర సేనలతో దళపతులుగా వచ్చినవాళ్లమని ఉంది.

మేము దీన్ని ఒప్పుకోం. ఎందుకో చెబుతాం. పొడుగవుతుంది, ఓపికగా చదవండి. మేము చదువుకున్నది తమిళ మీడియం, తప్పులుంటే దిద్దండి. తెలుగు అక్షరం చదవడం రానివాళ్లకు ఆదివారం మేమే చదివి వినిపిస్తాం.

ముందు ఆ దళపతుల సంగతి. 14వ శతాబ్దంలో కుమార కంపన మధుర దాకా దండెత్తిన మాట నిజం. 16వ శతాబ్దంలో మధురలో నాయకుల ఏలుబడి వచ్చిన మాట కూడా నిజమే. ఆ సేనలతో వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఇళ్లు ఉండే ఉంటాయి. అయితే సైన్యంలో అందరూ దళపతులే అయితే గుర్రాలకు గడ్డి కోసింది ఎవరయ్యా? వంట చేసింది ఎవరు? మగ్గం మోసుకుని వచ్చినవాళ్లు, బావులు తవ్వడానికి వచ్చినవాళ్లు, సంతల వెంట సరుకు మోసుకుంటూ వచ్చి దిగిపోయినవాళ్లు, 1876 కరువులో ఉన్న ఊరు విడిచి ఏ ఊళ్లో గంజి దొరికితే ఆ ఊళ్లో ఆగిపోయినవాళ్లు, వీళ్లందరూ ఏమైనట్టు? ఆ కరువు తర్వాత 1881లో తీసిన లెక్కల్లో సేలం జిల్లా జనాభా పదేళ్ల ముందుకంటే తగ్గింది. అప్పుడు ధర్మపురి సేలం జిల్లాలో ఒక తాలూకా. మనుషులు చచ్చిపోయి, ఊళ్లు మారిపోయి, కుటుంబాలు చెల్లాచెదురైన కాలం అది. ముందుమాటలో దాని గురించి ఒక్క వాక్యం లేదు.

ఇంకో చోద్యం చూడండి. ఐదు వందల ఏళ్ల కిందటి కథ రాస్తారు గానీ, కాగితం ఉన్న రెండు వందల చిల్లర ఏళ్లను దాటేస్తారు. 1792లో టిప్పు సుల్తాన్ ఓడి ఈ బారామహల్ సీమను కుంపెనీకి ఇచ్చేశాక కెప్టెన్ రీడ్ ఇక్కడికి వచ్చాడు. అతని కింద థామస్ మన్రో 1799 దాకా పనిచేశాడు, ఉన్నది మన ధర్మపురిలోనే. జమీందారుతో కాకుండా రైతుతోనే నేరుగా శిస్తు లెక్క కట్టే రైత్వారీ పద్ధతికి పుట్టినిల్లు ఈ సీమ. పొలం పొలంగా కొలిచి, ఏ చేను ఎవరి సాగులో ఉందో రాయించారు. ఆ కాలపు కాగితాల్లో కొన్నింటిని బారామహల్ రికార్డ్స్ అనే పేరుతో మద్రాసు ప్రభుత్వం తర్వాత అచ్చు వేసింది, అందులో ఇక్కడి జనాల గురించే ఒక భాగం ఉంది. సామాన్యుడి పేరు సర్కారు లెక్కలోకి ఎక్కిన ఊరు మనది. ఆ ఊళ్లో కూర్చుని మనం సామాన్యుల్ని వదిలేసి దళపతుల్ని వెతుకుతున్నాం.

ఇక ఇంటిపేరు గడి. కమిటీవారు మొదటి గడే అది పెట్టారు, సంతోషం. ఎంతమంది నింపగలరో అడగండి. మమ్మల్ని బడిలో వేసినప్పుడు అయ్యవారు నాయన పేరు అడిగి, దాని మొదటి అక్షరం మా పేరు ముందు పెట్టి రిజిస్టరు మూసేశారు. తమిళనాడు పద్ధతి అది, అయ్యవారి తప్పు కాదు. మా అబ్బాయి పేరు ముందు మా పేరులోని మొదటి అక్షరం వచ్చింది. మనవరాలి పేరు ముందు వాడి అక్షరం. మూడు తరాలకు మూడు అక్షరాలు, ఒక్కటి కూడా ఇంటిపేరు కాదు. చిత్తూరులో ఉన్న మా దాయాదుల పేర్ల ముందు ఇంటిపేరు ఇంకా అలాగే ఉంది.

మరి మన ఇళ్లల్లో ఇంటిపేరును ఇన్నాళ్లూ మోసింది ఎవరు? ఆడవాళ్లు. సంబంధం వస్తే "ఏ ఇంటివాళ్లు? వాళ్ల అమ్మది ఏ ఊరు?" అని అడిగింది అవ్వలు. ఒకే ఇంటివాళ్లయితే అక్కడే ఆపేసేవాళ్లు. మగవాళ్లకు కట్నం, భూమి లెక్క తెలుసు. ఎవరి కడుపున ఎవరు పుట్టారో, ఏ మేనమామ ఏ ఊరికి పోయాడో ఆడవాళ్లకు తెలుసు. మా చిన్నప్పుడు కోతలైనాక పిచ్చుకుంట్లవాళ్లు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పి ధాన్యం అడిగేవాళ్లు. వాళ్లు రావడం ఆగిపోయింది. మిగిలింది అవ్వలే. వాళ్లను ఫారంలోంచి తీసేసి, ఇంటిపేరు ఏది అని మమ్మల్ని అడుగుతున్నారు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాం. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

మా నాయనకు కూడా ఒక దళపతి కథ ఉండేది. మన పూర్వీకులు హంపీలో కోట కాపలా సర్దార్లు అనేవారు. మాకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు "మన వంశంలో రైల్లో అడుగుపెట్టిన మొదటివాడివి నువ్వే" అని ఊరంతా మిఠాయి పంచారు. ఆయన పోయాక ఇనప్పెట్టెలో ఒక పొడుగాటి నోటుపుస్తకం దొరికింది. తెలుగులో రాసి ఉంది. మాకేమో ఇంట్లో మాట తెలుగైనా అక్షరం తెలియదు. ముప్పైఐదేళ్లు రిజిస్టర్లు రాసిన మనిషి, సొంత ఇంటి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తెలియని స్థితి. రిటైరయ్యాక చిత్తూరు నుంచి పెద్ద బాలశిక్ష తెప్పించుకుని, రోజూ పొద్దున అరగంట దిద్దుకుని, ఎనిమిది నెలలకు ఆ పుస్తకం చదివాం.

అది మొయి పుస్తకం. ఆంధ్రాలో చదివింపుల పుస్తకం అంటారు. మా తాత పెళ్లిది. ప్రజోత్పత్తి నామ సంవత్సరం వైశాఖం అని ఉంది, అంటే 1931. ఎవరు, ఏ ఊరు, ఎంత. కుప్పం మేనమామ రెండు రూపాయలు, ఒక చీర. రాయకోట పెద్దమ్మ ఒక రూపాయి. తర్వాత వరసగా నాలుగు పేర్లు, ఒక్కొక్కరిది ఎనిమిది అణాలు, పక్కన "చిన్నరైలు గ్యాంగు" అని.

చిన్నరైలు అంటే పాతవాళ్లకు తెలుసు. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో వచ్చిన నారోగేజి లైను. 1913లో హోసూరు దాకా పోయింది. 1941లో యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయారు. ఆ గ్యాంగువాళ్లు మా తాత పెళ్లికి ఎందుకు వచ్చారు? పాలక్కోడులో మా అవ్వ చెల్లెలు ఉండేది, తొంభై దాటిన మనిషి. పోయి అడిగాం. ఆమె నవ్వి, "మీ ముత్తాత కుప్పం పక్కనించి వచ్చి కట్ట మీద కంకర మోసినాడు రా. మీ నాయనకి ఆ మాట చెప్తే కోపం" అంది.

అంటే రైల్లో మొదటివాళ్లం మేము కాదు, మా ముత్తాత. హంపీ కాదు, కుప్పం. ఐదు వందల ఏళ్లు కాదు, నూట ఇరవై. ఆ సాయంత్రం ఆమె ఇంకా చాలా చెప్పింది. ఎవరి పిల్ల ఎవరింటికి పోయిందో, కరువులో వదిలేసిన బిడ్డ సంగతి, అన్నీ. మేము తల ఊపుతూ విన్నాం. ఫోన్ జేబులోనే ఉంది, రికార్డు చేయాలని తట్టలేదు. ఆమె పోయి మూడేళ్లు. చెప్పినదాంట్లో సగం మాకు ఇప్పుడు గుర్తు లేదు.

ఇప్పుడు కమిటీ ఫారంలో మేమేం రాయాలి? ముత్తాత ఉద్యోగం అన్నచోట కంకర కూలీ అని రాస్తే, దళపతుల ముందుమాట తర్వాత అచ్చు వేస్తారా?

మన సంఘంలో జరిగిన ఇంకో విషయం గుర్తు చేయక తప్పదు. కొన్నేళ్ల కిందట దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి ఒక అక్కా తమ్ముడూ వచ్చారు, మీలో కొందరు చూశారు. మద్రాసు నుంచి మొదటి కూలీలతో బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో నటాల్ చేరింది. 1911 దాకా అలా లక్షన్నర మందికి పైగా పోయారు, అందులో చాలా భాగం మద్రాసు నుంచే. ప్రతి మనిషికీ ఓడ జాబితాలో ఒక నెంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు. రైల్వే సర్వీసు రిజిస్టరులో మేము నింపిన మొదటి పేజీ కూడా దాదాపు ఇలాగే ఉండేది. అందుకే ఆ కాగితం చూడగానే మా చెయ్యి ఆగిపోయింది. వాళ్ల ముత్తవ్వ పేరు ఉంది, ఆమె తండ్రి పేరు ఉంది, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అని ఉంది. జిల్లా సేలం. ఊరి పేరు మాత్రం ఎవరో గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు.

ఆ దేశంలో మనవాళ్లు 1931లోనే, మా తాత పెళ్లి జరిగిన ఏడాదే, ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు నిలుపుకోవాలని అంత దూరంలో తంటాలు పడ్డవాళ్ల బిడ్డలు వీళ్లు. మనం ఏం అడిగాం? మీ గోత్రం ఏమిటి అని. తెలియదన్నారు. "గోత్రం తెలియనివాళ్లు మనవాళ్లు ఎలా అవుతారు?" అని మనలో ఒక పెద్దాయన తమిళంలో అన్నారు, వాళ్లకు అర్థం కాదనుకుని. మాట అర్థం కాకపోయినా మొహాలు అర్థమయ్యాయి. మేమూ అక్కడే ఉన్నాం, నోరు విప్పలేదు. టీ తాగించి, శాలువా కప్పి, ఫోటో దిగి పంపేశాం. రెండు రోజుల తర్వాత ఆ ఊరి పేరును తెలుగులో గట్టిగా పలికి చూస్తే, పాలక్కోడు దారిలో ఒక పల్లె పాత పేరేమో అని మాకు తట్టింది. అప్పటికి వాళ్లు విమానం ఎక్కేశారు. ఫోన్ నెంబరు ఎవరూ తీసుకోలేదు.

కూలీగా పోయిన ఆడమనిషికి కనుబొమ్మ మీద మచ్చతో సహా కాగితం ఉంది. ఇక్కడే ఉండిపోయిన ఆమె అక్కచెల్లెళ్లకు మన పుస్తకంలో పేరు కూడా ఉండదు.

కమిటీలో ఒకరు మాతో విడిగా అన్నమాట కూడా చెబుతాం. "కుప్పం నుంచి వచ్చాం, కరువులో వచ్చాం అని రాసుకుంటే రేపు ఎలక్షన్లప్పుడు వందేరులు అని మనల్నే వేలెత్తి చూపిస్తారు" అన్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. ఆ మాట మేమూ పడ్డాం, ఆఫీసు క్యాంటీన్లోనే. కానీ దండెత్తి వచ్చిన దళపతులం అని అట్ట మీద బంగారు అక్షరాలతో వేసుకుంటే ఆ నోళ్లు మూతపడతాయా? వాళ్లకు కావలసిన మాట మనమే అచ్చు వేసి ఇస్తున్నాం. ఈ నేల మీద బావి తవ్వి, పట్టాలు వేసి, మగ్గం నేసి, తమిళంలో చదువుకుని, శిస్తు కట్టిన రసీదులు చూపించేవాడిని వెళ్లిపొమ్మనడం అంత సులభం కాదు. తమిళం మాకు ఉద్యోగం ఇచ్చింది, దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

కాలం మాత్రం మన చేతిలో లేదు. 1980లో కరణం పదవులు రద్దయ్యాక ఆ ఇళ్లల్లో ఉండిపోయిన పాత చిట్టాలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని పాత పేపర్లవాడికి పోయాయి. 2006 చట్టం వచ్చాక బళ్లలో తెలుగు ఇంకా తగ్గింది. మన మనవలకు ఇంట్లో ఉన్న తెలుగు కాగితం అంటే వంకర గీతలు. ఇల్లు సున్నం వేసేటప్పుడు ముందు బయటికి పోయేది అదే.

అధ్యక్షులవారి మీద మాకు కోపం లేదు. ఆయన ఈ సంఘానికి చేసిన పని మేము మరచిపోం. అయినా మా మాట ఇదే: పుస్తకాన్ని ఏడాది ఆపండి. అట్టకు, రంగుల కాగితానికి దాచిన డబ్బుతో ఇద్దరు పిల్లలకు బస్సు ఖర్చులిచ్చి ఆదివారం ఆదివారం ఒక్కో పల్లెకు పంపండి. మొయి పుస్తకాలు, క్రయపత్రాలు, పట్టాలు, శిస్తు రసీదులు ఫోన్లో ఫోటో తీయమనండి. ఎనభై దాటిన అవ్వలందరి మాటా రికార్డు చేయమనండి. ఆపడం కుదరదంటే కనీసం ఫారం మార్చండి. అమ్మ పేరు, అమ్మ పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, కూతుళ్లు, వాళ్లు పోయిన ఊళ్లు. గోత్రం తెలియదంటే తెలియదనే అచ్చు వేయండి. రెండు వేలు ఇవ్వలేని ఇంటికి కూడా పేజీ ఉండాలి. ఇవేవీ లేకుండా ఓటుకు పెడితే మేము వద్దనే చెయ్యెత్తుతాం.

ఆదివారం సర్వసభ్య సమావేశానికి ఆ మొయి పుస్తకం తెస్తాం. మీ ఇంట్లో తెలుగు అక్షరం ఉన్న కాగితం ఏదున్నా, చిరిగినా సరే, తీసుకురండి. చదవడం రాదని మొహమాటపడొద్దు, మాకూ కూడబలుక్కుంటేనే వస్తుంది. గంట ముందే వచ్చి కూర్చుంటాం. ప్లాస్టిక్ కవరులో పెట్టి తెండి, మూడు రోజులుగా సాయంత్రమైతే వాన పడుతోంది.