కోడలి పేరున ఒక పార్కు

బెంగళూరు కోరమంగల ఆరో బ్లాకు పార్కులో ఒక సమాధి ఉంది. ఈ నగరాన్ని కట్టించిన కెంపేగౌడ కోడలు లక్ష్మమ్మదని చెబుతారు. ఆ పేటలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో ఈ కథ ఎందరి చెవిన పడిందో!

1537లో కెంపేగౌడ ఊరికి మట్టికోట కట్టిస్తున్నాడు. దక్షిణపు వాకిలి నిలవడం లేదు. పగలు లేపింది రాత్రికి కూలుతోంది. నిండు చూలాలిని బలి ఇస్తే నిలుస్తుందన్నారు జోస్యులు. గౌడ ససేమిరా అన్నాడు. కడుపుతో ఉన్న కోడలు ఆ రాత్రి ఒంటరిగా వెళ్లి తన మెడ తానే నరుక్కుంది. తెల్లారి చూస్తే వాకిలి చెక్కుచెదరలేదు. మామ ఆమె పేరున కోరమంగలలో గుడి కట్టించాడు. ఇదీ ఐతిహ్యం.

మనకిది కొత్త కథ కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు. ఆ ఊరి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ కట్టకు పడిన గండికి బలైన ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగా 1899లో ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. లక్ష్మమ్మకు అలాంటి కవి దొరకలేదు. శివుడి ఇద్దరు భార్యల మీద ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం సాక్షాత్తూ ఆమె మామగారి పేరు మీదే ఉంది. కోడలి కథ మాత్రం జనం నోటనే బతికింది.

ఈ రెండు కథల్లోనూ కోడలు తనంతట తానే, ఇష్టపడి చనిపోతుంది. కన్నడ జానపద గేయం ‘కెరెగె హార’ అలా సర్దిచెప్పదు. మల్లనగౌడ తవ్వించిన చెరువులో నీటిచుక్క పడదు. పెద్దకోడలిని బలి ఇస్తే ఇల్లు నడవదని లెక్కవేసుకుని, ఇంటివాళ్లు చిన్నకోడలు భాగీరథిని ఎంచుతారు. ఆమెకు సంగతి తెలిసిపోతుంది. పుట్టింటికి పోయి కూడా తండ్రితో అసలు మాట చెప్పలేక, స్నేహితురాలి దగ్గర బయటపెడుతుంది. దండు నుంచి తిరిగొచ్చిన భర్త భార్య లేదని తెలిసి అదే చెరువులో దూకుతాడు. చెరువు నిండింది సరే, ఆ ఇంటికి దక్కిందేమిటో పాట దాచలేదు. ఆడవాళ్లు పాడుకున్న పాట కాబట్టే ఆ నిజాయితీ అని మా అభిప్రాయం.

కోరమంగల కథలో మామ వద్దన్నాడు, కోడలే వెళ్లింది. నేరం ఎవరి మీదా పడదు. బలి అడిగిన జోస్యులను ఎవరూ నిలదీయలేదు. మట్టిపని తెలిసినవాళ్లు పునాది ఎందుకు నిలవడం లేదో చూశారా అంటే, కథకు ఆ ఊసే లేదు. ప్రతిసారీ కావలసింది కోడలే, కూతురు కాదు. ఆ మట్టికోటా ఇప్పుడు లేదు. ఇవాళ మనం చూసే రాతికోట 1761లో హైదర్ అలీ మొదలుపెట్టింది.

సమాధి చుట్టూ పార్కు వేసి కాపాడుకోవడం మంచిదే. కానీ లక్ష్మమ్మను త్యాగమూర్తి అని పొగిడి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు.

మీ ఊరి చెరువు కట్టకో, కోట బురుజుకో ఇలాంటి కోడలి కథ ఉంటే రాసి పంపండి. పెద్దముత్తయిదువలు చెప్పింది చెప్పినట్టుగా, వాళ్ల మాటల్లోనే రాయండి. అచ్చు వేస్తాం.